నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమల రోమన్ నాణేలు - ప్రాచీన ఓడప్రయాణ జీవితం: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రతీరం లేదు. అయినా ఈ రెండు జిల్లాల నేలలో సముద్రం దాటి వచ్చిన రోమన్, బైజాంటైన్ నాణేలు దొరికాయి. వీటిని ప్రాచీన విదేశీ వాణిజ్యానికి సాక్ష్యాలుగా చరిత్రకారులు చాలాకాలంగా ఉదాహరిస్తున్నారు. ఈ నాణేలను మోసుకొచ్చిన ఓడలలో మనుషులు ఎలా బతికారు, ఏం తిన్నారు, ఆపద వచ్చినప్పుడు దాని భారాన్ని ఎవరు మోశారు అనే ప్రశ్నలకు మాత్రం తగినంత చోటు దక్కలేదు. పెరిప్లస్, ప్లినీ రచన, బౌద్ధ జాతకకథలు, మిలిందపన్హ, ఫాహియాన్ యాత్రావృత్తాంతం, ధర్మశాస్త్రాలు, మోటుపల్లి శాసనం ఆధారంగా ఆ జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అక్కెనపల్లి, వీపనగండ్ల, రోమన్ నాణేలు, ఓడబేరం, ఋతుపవనాలు, నిర్యామకుడు, ఫాహియాన్, మోటుపల్లి శాసనం.

1. ప్రవేశిక

నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేల నిధి బయటపడింది. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపు దెనారియస్ నాణేలు ఇందులో ప్రధానమైనవి. టైబీరియస్ క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించాడు. మహబూబ్‌నగర్ జిల్లా పాత కొల్లాపూర్ తాలూకాలోని వీపనగండ్లలో అంతకు కొన్ని శతాబ్దాల తర్వాతి బైజాంటైన్ కాలపు బంగారు నాణేలు లభించాయి. వీపనగండ్ల ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది.

అక్కెనపల్లి నిధి విలువ ఎంత? ఆ కాలపు దెనారియస్ సుమారు 3.8 గ్రాముల బరువుండేది. ఆ లెక్కన ఇది దాదాపు 5.8 కిలోల వెండి. అగస్టస్ కాలంలో రోమన్ పదాతి సైనికుని ఏడాది జీతం 225 దెనారియస్‌లు. అంటే ఒక సైనికుడు ఆరేళ్ల తొమ్మిది నెలలకు పైగా కొలువు చేస్తే వచ్చే సొమ్ము నల్లగొండ మట్టిలో ఒకచోట చేరింది.

ఇటువంటి నిధులను గురించి రాసినవారు రాజుల పేర్లు, ముద్రల రకాలు, వాణిజ్య మార్గాలు చర్చించారు. ఆ చర్చ అవసరమైనదే. అయితే నాణెం తనంతట తాను సముద్రం దాటలేదు. తెరచాప ఎత్తినవారు, చుక్కాని పట్టినవారు, ఓడ అడుగున చేరిన నీటిని తోడిపోసినవారు ఉన్నారు. వారి పేర్లు నాణేల మీద లేవు, శాసనాల మీదా లేవు. అందువల్ల "తెలంగాణకు రోముతో వ్యాపారం ఉండేది" అనే వాక్యం సగం చరిత్రనే చెబుతుంది. మిగిలిన సగాన్ని ఓడల మీద వెతకవలసి ఉంటుంది.

2. నాణెం నడిచిన దారి

క్రీ.శ. 1వ శతాబ్ది మధ్యకాలంలో ఈజిప్టులో నివసించిన ఒక గ్రీకు వర్తకుడు రాసినదిగా భావించే 'ఎరిథ్రియన్ సముద్ర పెరిప్లస్' ఈ విషయంలో తొలి ఆధారం. భరుకచ్ఛం రేవు నుంచి దక్షిణంగా 20 రోజుల ప్రయాణంలో పైఠాన్, అక్కడినుంచి తూర్పుగా 10 రోజుల ప్రయాణంలో తగర అనే పట్టణం ఉన్నాయని ఆ గ్రంథం చెబుతుంది. తగర నేటి మహారాష్ట్రలోని తేర్. ఈ పట్టణాల సరుకు సరైన దారులు లేని ప్రదేశాల గుండా బండ్ల మీద భరుకచ్ఛానికి చేరేది. తీరప్రాంతాల నుంచి తగరకు వచ్చిన సరుకులు కూడా అందులో ఉండేవి.

తగరకు సరుకు పంపిన ఈ తీరం తూర్పు తీరమేనని పలువురు చరిత్రకారులు భావించారు. మచిలీపట్నం వైపు నుంచి ఒకటి, వినుకొండ వైపు నుంచి ఒకటి బయలుదేరిన రెండు దారులు హైదరాబాదుకు ఆగ్నేయ దిశలో కలిసి తేర్, పైఠాన్‌ల మీదుగా భరుకచ్ఛం చేరేవని 20వ శతాబ్ది ఆరంభంలో జె. ఎఫ్. ఫ్లీట్ ప్రతిపాదించాడు. హైదరాబాదుకు ఆగ్నేయాన ఉన్నది నల్లగొండ సీమ. ఈ ప్రతిపాదనను అంగీకరిస్తే నల్లగొండ రెండు సముద్రాలను కలిపే దారి నడిమధ్యన నిలుస్తుంది. ఈ సీమలోని ఫణిగిరి, గాజులబండ, వర్ధమానుకోట, ఏలేశ్వరం వంటి బౌద్ధ, తొలి చారిత్రక స్థలాలు కూడా ఇది నిర్జన ప్రాంతం కాదని నిరూపిస్తున్నాయి.

తూర్పు తీరానికి సంబంధించిన ఆధారాలు కూడా గట్టివే. పెరిప్లస్ 'మసాలియా' అనే తీరాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. ఇది కృష్ణా ముఖద్వార ప్రాంతం. 2వ శతాబ్దికి చెందిన టాలమీ కృష్ణానదిని 'మైసోలస్' అని, ఘంటసాలను 'కొంటకొస్సిల' అని వ్యవహరించాడు. నాగార్జునకొండలోని ఉపాసిక బోధిశ్రీ శాసనంలో కనిపించే 'కంటకసేల' కూడా ఇదే. తామ్రపర్ణి, అంటే సింహళద్వీపపు బౌద్ధ ఆచార్యుల కోసం ఆమె చేసిన నిర్మాణాలను ఆ శాసనం వివరిస్తుంది. నాగార్జునకొండకు ఎదురు ఒడ్డున నల్లగొండ వైపు ఉన్న ఏలేశ్వరంతో సహా ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ జలాల కింద ఉంది.

మహబూబ్‌నగర్ జిల్లాలో తెలంగాణలోకి ప్రవేశించే కృష్ణ, బండరాళ్ల మధ్య పారే నది. సముద్రపు ఓడ అక్కడికి రాలేదు. వెదురు అల్లికకు తోలు కప్పిన గుండ్రని పుట్టి ఈ నదిలో మనుషులను, ధాన్యాన్ని ఒడ్డు దాటించే సాధనం. మెట్టసీమ మనిషికి నీటి మీద ప్రయాణం అంటే పుట్టి ప్రయాణమే. అతని చేతికి చేరిన నాణెం మాత్రం నెలల తరబడి ఒడ్డు కనిపించని ప్రయాణం చేసి వచ్చింది.

3. గాలి రాసిన పంచాంగం

ఆ ప్రయాణపు తేదీలను నిర్ణయించింది గాలి. ఈజిప్టు నుంచి భారతదేశానికి వచ్చే ఓడలు జులై నెలలో బయలుదేరాలని పెరిప్లస్ సూచిస్తుంది. క్రీ.శ. 77 ప్రాంతంలో తన ప్రకృతి చరిత్రను పూర్తిచేసిన ప్లినీ మరికొన్ని వివరాలిచ్చాడు. నడివేసవిలో ఎర్రసముద్రపు రేవు విడిచిన ఓడ సుమారు 30 రోజులకు అరేబియా దక్షిణ కొసన ఉన్న ఒకేలిస్ చేరుతుంది. అక్కడినుంచి 'హిప్పలస్' అనే గాలి అనుకూలిస్తే 40 రోజులలో కేరళ తీరపు ముజిరిస్ చేరుతుంది. తిరుగు ప్రయాణం డిసెంబరులో, ఆలస్యమైతే జనవరి 13లోపు మొదలు కావాలి.

హిప్పలస్ గాలి అంటే నైరుతి ఋతుపవనమే. నల్లగొండ, పాలమూరు రైతు మృగశిర కార్తెలో తొలకరి కోసం ఎదురుచూసేది ఈ గాలి కోసమే. మెట్టసీమలో విత్తనం వేయించిన గాలే, ఎర్రసముద్రం దాటిన ఓడ తెరచాపను నింపింది. శీతకాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి తిరుగు ప్రయాణానికి పనికివచ్చేది. ఏడాదిలో గాలి రెండుసార్లు దిశ మార్చుకోవడం మీదనే ఈ వాణిజ్యమంతా ఆధారపడింది.

ఓడ వచ్చిన నాటికీ, తిరిగి వెళ్లే గాలి మొదలయ్యే నాటికీ మధ్య కొన్ని నెలల విరామం ఉండేది. దక్కనులో ఈ నెలలలోనే వానలు వెనకబట్టి, వాగులు తగ్గి, బండిదారులు గట్టిపడతాయి. ఓడల నిరీక్షణ, లోతట్టు బండ్ల రాకపోకలు ఒకదానికొకటి అనుకూలించి ఉంటాయని దీన్నిబట్టి ఊహించవచ్చు. గడువు దాటితే ఓడ మరుసటి శీతకాలం దాకా ఆగిపోవాలి. బండి ఆలస్యమైతే నష్టం రేవులో ఉన్న నావికునికి కూడా కలిగేది. ఇల్లు విడిచిన మనిషి తిరిగి ఇల్లు చేరడానికి అదనంగా ఒక సంవత్సరం పట్టేది.

4. ఓడలో పని, పనివారు

శాతవాహన రాజులు వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. అజంతా 2వ గుహలోని చిత్రంలో మూడు కొయ్యల ఓడ, నిలువుగా ఎత్తిన తెరచాపలు, వెనుకభాగాన పందిరి కింద వరుసగా పేర్చిన జాడీలు ఉన్నాయి. ఓడ ఆకారం తెలుసుకోవడానికి ఇవి ఉపకరిస్తాయి. ఓడలోని పనివిభజనను తెలుసుకోవడానికి గ్రంథాలను ఆశ్రయించాలి.

కౌటిల్యుని అర్థశాస్త్రంలోని నావధ్యక్ష ప్రకరణం మహానదుల మీద నడిచే పెద్ద నావలకు ఉండవలసిన సిబ్బందిని పేర్కొంటుంది. నావను శాసించేవాడు, దారి చూపే నిర్యామకుడు, కొడవలి పట్టేవారు, తాళ్లు పట్టేవారు, లోపల చేరిన నీరు తోడిపోసేవారు ఉండాలని ఆ నియమం. నీరు తోడేవారిని ప్రత్యేక వర్గంగా చెప్పడం గమనార్హం. చెక్క పలకలతో కట్టిన నావలోకి నీరు ఊరుతూనే ఉంటుంది. పగలూ రాత్రీ ఆ నీటిని తోడిపోయడం ప్రమాదం వచ్చినప్పుడు మాత్రమే చేసే పని కాదు, నిత్యకృత్యం. నదిలోనే ఇంత అవసరమైతే సముద్రంలో దీని అవసరం మరింత ఎక్కువ.

పాలి గ్రంథమైన మిలిందపన్హ ఓడను, లంగరును, కొయ్యను, నిర్యామకుని, పనివానిని సాధకునికి ఉపమానాలుగా తీసుకుంటుంది. నిర్యామకుడు ఓడను నడిపే యంత్రాన్ని మరెవరూ తాకకుండా ముద్ర వేసి ఉంచుతాడని అందులో ఉంది. ఓడలోని పనివాడు తాను కూలికి వచ్చినవాడినని, ఈ ఓడ మీద పని చేయడం వల్లనే తనకు తిండి, జీతం దొరుకుతున్నాయని, అందువల్ల ఏమరుపాటు తగదని తలచుకుంటాడని కూడా ఉంది. ఆధ్యాత్మిక బోధ కోసం చెప్పిన ఈ ఉపమానంలో ఒక సామాజిక వాస్తవం నిక్షిప్తమై ఉంది. నావికుడు సరుకు యజమాని కాడు. తిండికీ జీతానికీ కుదిరిన కూలీ.

ఆ పని శరీరాన్ని ఏం చేసేదో సుప్పారక జాతకం చెబుతుంది. భరుకచ్ఛంలోని నావికుల పెద్ద అయిన సుప్పారకుడు ఉప్పునీటి దెబ్బకు చూపు కోల్పోతాడు. ఓడ మీద పని చేయలేక రాజు దగ్గర వస్తువుల వెల కట్టే కొలువులో చేరతాడు. తర్వాత వర్తకులు వచ్చి, గుడ్డివాడైనా అతనికి మించిన నిర్యామకుడు లేడని పట్టుబట్టి ఓడ ఎక్కిస్తారు. కథలోని అద్భుతాలను పక్కన పెడితే రెండు విషయాలు మిగులుతాయి. సముద్రపు ఉప్పు కళ్లను తినేస్తుందని ఆ సమాజానికి తెలుసు. నావిక జ్ఞానం కంటిలో కాక అనుభవంలో ఉంటుందని కూడా తెలుసు.

ఆ అనుభవం అనేక గుర్తుల మీద ఆధారపడేది. దీఘనికాయంలోని కేవట్టసుత్తం ఒడ్డును చూసే పక్షిని వెంట తీసుకుపోయే వర్తకులను ప్రస్తావిస్తుంది. పక్షిని వదిలితే నలుదిక్కులా ఎగిరి, నేల కనబడితే అటే పోతుంది, లేకపోతే ఓడకే తిరిగివస్తుంది. బావేరు జాతకంలో దిక్కు చూపే కాకి ఉంది. సింహళ నావికులు ఇలాగే పక్షులను వదిలి వాటి వెంట పోతారని ప్లినీ రాశాడు. మూడు వేర్వేరు రచనలు ఒకే పద్ధతిని చెప్పడం వల్ల ఇది కవికల్పన కాదని భావించవచ్చు. భారత తీరం దగ్గరపడిందనడానికి నీటిలో కనిపించే పాములు గుర్తని పెరిప్లస్ చెబుతుంది. కచ్ సింధుశాఖ వైపు కొట్టుకుపోతే అక్కడి పదునైన రాళ్లకు లంగరు తాళ్లు తెగిపోతాయని హెచ్చరిస్తుంది. నర్మద ముఖద్వారంలో ఆటుపోట్ల ఉధృతి వల్ల కొత్త ఓడ లోపలికి రావడం కష్టమనీ, రాజు కొలువులోని స్థానిక జాలరులు పొడవైన పడవలలో సౌరాష్ట్ర తీరం దాకా ఎదురువచ్చి ఓడలను లోపలికి తీసుకువస్తారనీ వివరిస్తుంది. అరేబియా సముద్రం దాటివచ్చిన ఓడకు ఆఖరి క్రోసులలో దిక్కు ఒక జాలరి.

నావిక పదజాలం కూడా ఓడ మీది సమాజాన్ని కొంత చూపుతుంది. ఓడ, కలము, తెడ్డు తెలుగులో పాతుకుపోయిన మాటలు. తెరచాప అనే పేరులో వినిపించే చాప, అల్లిన చాపలను తెరలుగా ఎత్తిన కాలాన్ని గుర్తుకు తెస్తుంది. చుక్కాని అనే మాట అరబ్బీ 'సుక్కాన్'తో కలుస్తుంది. లంగరు, సరంగు పారసీకం నుంచి వచ్చాయి. తీరాంధ్ర నావికుడు పలుభాషల మనుషులతో కలిసి ఒకే తాడు లాగాడని చెప్పడానికి ఈ మాటలు చాలు.

5. నీరు, తిండి, తుఫాను

ప్రాచీన కాలంలో ఈ సముద్రాల మీద ఓడలో గడిపిన రోజులను సొంత అనుభవంగా రాసి ఉంచిన అరుదైన వ్యక్తి చైనా బౌద్ధభిక్షువు ఫాహియాన్. అతడు ఎక్కింది ఆంధ్రతీరపు ఓడ కాదు. సింహళం నుంచి తూర్పుగా, తూర్పు తీరపు వర్తకులు కూడా తిరిగిన సముద్రం మీదుగా పోయిన వర్తకపు ఓడ. క్రీ.శ. 411 ప్రాంతంలో జరిగిన ఆ ప్రయాణం అటువంటి ఓడల మీది జీవితానికి అత్యంత సన్నిహితమైన సాక్ష్యం.

ఆ పెద్ద ఓడలో 200 మందికి పైగా ఉన్నారు. ఆపదలో ఆదుకోవడానికి వెనుక ఒక చిన్న పడవను తాడుతో కట్టారు. రెండు రోజులు గాలి అనుకూలించింది. తర్వాత తుఫాను పట్టుకుంది, ఓడలోకి నీరు రావడం మొదలైంది. వర్తకులు చిన్న పడవలోకి దూకబోయారు. ఎక్కువమంది ఎక్కితే మునుగుతామని భయపడి ఆ పడవలోనివారు తాడు కోసేశారు. వర్తకులు బరువైన సరుకులను నీటిలో పారవేశారు. ఫాహియాన్ తన నీటిపాత్రను, కడుక్కునే పళ్లేన్ని విసిరేశాడు. తాను ఏళ్ల తరబడి సేకరించిన గ్రంథాలను, ప్రతిమలను కూడా ఎక్కడ పారవేస్తారోనని భయపడ్డాడు. 13 రోజుల తర్వాత ఒక దీవి చేరి, ఆటు సమయంలో ఓడకు పడిన బెజ్జాన్ని వెతికి మూశారు.

సూర్యచంద్రులను, నక్షత్రాలను చూసి తప్ప దారి తెలిసేది కాదనీ, మబ్బు పట్టిన రోజుల్లో ఓడ గాలి ఎటు నెడితే అటు పోయేదనీ ఫాహియాన్ రాశాడు. చీకటి రాత్రుల్లో ఒకదానికొకటి కొట్టుకునే పెద్ద అలలు, నీటి జంతువులు మాత్రమే కనిపించేవి. సముద్రం లోతు ఎంతో తెలియని చోట లంగరు వేయడానికి కూడా వీలులేదు. సుమారు 90 రోజులకు ఆ ఓడ జావాద్వీప ప్రాంతం చేరింది. మామూలుగా లోతట్టు చరిత్రలలో 'సముద్ర వాణిజ్యం' అనే రెండు మాటలలో ముగిసిపోయేది ఈ 90 రోజుల జీవితమే.

ఐదు నెలల తర్వాత ఫాహియాన్ మరో ఓడ ఎక్కాడు. ఇందులోనూ 200 మందికి పైగా ప్రయాణికులు, 50 రోజులకు సరిపడే తిండి ఉన్నాయి. నెల గడిచాక తుఫాను వచ్చి దారి తప్పింది. 70 రోజులు దాటినా ఒడ్డు కనిపించలేదు. తిండి, నీరు అడుగంటాయి. సముద్రపు నీటితో వంట చేసుకొని, మంచినీటిని జాగ్రత్తగా కొలిచి పంచుకున్నారు. కరవు కొత్త కాని పాలమూరు పాఠకునికి నీటిని కొలిచి పంచుకోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నాలుగువైపులా నీరే ఉన్నచోట తాగడానికి నీరు లేకపోవడం మాత్రం ఓడ జీవితానికే ప్రత్యేకమైన కరవు.

6. ఆపద భారం ఎవరి మీద?

తుఫాను వేళ ఓడ ఒక చిన్న సమాజంగా ఎలా ప్రవర్తిస్తుంది అనేది మరో ముఖ్యమైన ప్రశ్న. జాతకకథలలోని మిత్తవిందకుని వృత్తాంతం ఒక సమాధానం ఇస్తుంది. నడిసముద్రంలో ఓడ కదలకుండా నిలిచిపోతుంది. దురదృష్టవంతుడెవరో తెలుసుకోవడానికి చీట్లు వేస్తారు. మళ్లీ మళ్లీ మిత్తవిందకుని పేరే వస్తుంది. అతన్ని తెప్ప మీద దించి, ఓడ సాగిపోతుంది.

దీన్ని కేవలం కర్మసిద్ధాంతం చెప్పే కథగా చదవడం అలవాటు. అయితే ఫాహియాన్ రెండో ప్రయాణంలో ఇటువంటిదే నిజంగా జరగబోయింది. ఈ శ్రమణుడు ఓడలో ఉన్నందువల్లనే ఆపద వచ్చిందనీ, ఒక్కనికోసం అందరూ చావకూడదనీ, ఏదైనా దీవిలో దింపివేయాలనీ కొందరు బ్రాహ్మణ ప్రయాణికులు తీర్మానించారు. అతనికి ఆశ్రయమిచ్చిన ఒక వర్తకుడు అడ్డుపడి, ఇతన్ని దించితే నన్నూ దించండి, లేదా చంపండి, లేకపోతే చైనా చేరగానే రాజుకు ఫిర్యాదు చేస్తానని బెదిరించడంతో వారు వెనుకాడారు. కథ, అనుభవం ఒకే భయాన్ని చెబుతున్నాయి. ఓడ మీద ఒంటరివాడు, పరాయివాడు, బలం లేనివాడు తుఫానుకు కారకుడిగా ముద్రపడే అవకాశం ఎక్కువ. అతని రక్షణ తోటివారిలో ఒక్కరి ధైర్యం మీద ఆధారపడేది.

ధనం విషయంలో ఆపదను లెక్కగట్టే పద్ధతులు మరింత నిర్దిష్టంగా ఏర్పడ్డాయి. యాజ్ఞవల్క్యస్మృతి అడవులు దాటి వ్యాపారం చేసేవారికి ఇచ్చే అప్పుపై నెలకు నూటికి 10, సముద్రం దాటేవారికి నూటికి 20 వడ్డీగా చెబుతుంది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య ఆధారంగానే 13వ శతాబ్దిలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలకు ఈ నియమం ప్రత్యేకంగా వర్తిస్తుంది. నల్లమల అంచుల గుండా బండి తోలినవాని ఆపద, సముద్రం మీదికి పోయినవాని ఆపద ఒకే సూత్రంలో పక్కపక్కన నిలిచాయి. సముద్రపు ఆపద అడవి ఆపదకు రెట్టింపు అని శాస్త్రకారుని లెక్క.

వియన్నాలో భద్రపరచిన 2వ శతాబ్దపు పపైరస్ పత్రంలో ఒకవైపు ముజిరిస్ వ్యాపారానికి సంబంధించిన అప్పు ఒప్పందం, మరోవైపు హెర్మపోలన్ అనే ఓడలో వచ్చిన సరుకు విలువ లెక్కలు ఉన్నాయి. ఓడకు పేరుంది, సరుకుకు వెల ఉంది, అప్పుకు షరతులున్నాయి. ఓడ నడిపిన కూలీల మాట అందులో లేదు. సముద్రపు దొంగల భయంతో విలుకాండ్రను ఓడలలో ఎక్కించేవారని ప్లినీ రాశాడు. సరుకుకు కావలి ఉంది, అప్పుకు వడ్డీ ఉంది. ప్రాణానికి మాత్రం ఏ పత్రంలోనూ హామీ కనిపించదు.

7. ఒడ్డు చేరిన తర్వాత

తుఫాను నుంచి బయటపడి ఒడ్డు చేరినంత మాత్రాన ఆపద తీరేది కాదు. గాలికి దెబ్బతిని వచ్చిన ఓడను నావధ్యక్షుడు తండ్రిలా ఆదుకోవాలనీ, నీట తడిసిన సరుకుపై సుంకం పూర్తిగానో సగమో మాఫీ చేయాలనీ అర్థశాస్త్రం చెబుతుంది. ఆచరణ వేరుగా ఉండేదని చెప్పే సాక్ష్యం తెలుగునేల మీదనే ఉంది.

క్రీ.శ. 1199 నుంచి 1262 వరకు పాలించిన కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరి, తుఫానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనం ఒప్పుకుంటుంది. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకొని సముద్రయానపు సాహసానికి పూనుకున్నవారికి దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీతమైన సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నామని ప్రకటిస్తుంది.

ఈ శాసనాన్ని వాణిజ్య ప్రోత్సాహక విధానంగా చరిత్ర గ్రంథాలు వివరిస్తాయి. ఆ వివరణ సరైనదే. ఓడ మీది మనిషి వైపు నుంచి చదివితే మరో అర్థం కూడా స్పష్టమవుతుంది. తుఫానులో బరువు తగ్గించడానికి సగం సరుకును సముద్రంలో పారవేసి, మిగిలిన సగంతో ఒడ్డున పడినవాని దగ్గర ఆ మిగిలిందీ లాక్కునే ఆచారం అంతకుముందు ఉండేది. ఓడ మునగడం ఒక నష్టమైతే, బతికి బయటపడడం రెండో నష్టానికి దారి తీసేది. గణపతిదేవుని శాసనం ఆ రెండో నష్టాన్ని రద్దు చేసింది.

అయితే శాసనం అభయమిచ్చింది సరుకు యజమానికి. సరుకు లేని కూలి నావికుడు కోల్పోయేది ప్రాణాన్నే కనుక అతని విషయంలో శాసనం చేయగలిగింది తక్కువ. అయినా ఓడకు, ఒడ్డుకు మధ్య నమ్మకం ఏర్పడితే ఓడలు వస్తాయి, ఓడలు వస్తే అతనికి కూలి దొరుకుతుంది. ఆ మేరకు శాసనఫలం అతనికీ చేరింది. పానగల్లు, పిల్లలమర్రి, వర్ధమానపురం వంటి మెట్టసీమ కేంద్రాలు కూడా కాకతీయ రాజ్యంలో భాగమే. శాతవాహనుల కాలంలో లాగే ఈ కాలంలోనూ లోతట్టు సీమ సంపదకు, తీరపు అభయానికి సంబంధం కొనసాగింది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. అక్కెనపల్లి, వీపనగండ్ల నాణేలు నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలు సముద్ర వాణిజ్యంతో ముడిపడి ఉన్నాయని చూపుతాయి. ఫ్లీట్ ప్రతిపాదించిన దారులు ఈ సీమను రెండు తీరాల మధ్య వారధిగా నిలుపుతాయి.

2. ఓడల రాకపోకలను, మెట్టసీమ సేద్యాన్ని ఒకే ఋతుపవనం నిర్ణయించింది. సముద్రం, మెట్ట వేర్వేరు ప్రపంచాలు కావు.

3. ఓడ నడిపినవారు ప్రధానంగా తిండికీ జీతానికీ కుదిరిన పనివారు. నీరు తోడడం, తాళ్లు లాగడం, దిక్కు కనిపెట్టడం వంటి పనుల మీదనే ఆ వాణిజ్యం నిలబడింది.

4. అప్పు, వడ్డీ, సుంకం రూపంలో సరుకు ఆపదను సమాజం లెక్కగట్టింది. మనిషి ఆపదకు అటువంటి లెక్క ఏర్పడలేదు. తుఫాను వేళ ఆ భారం తరచు బలహీనుని మీద పడింది.

భారతదేశం ఏటా తమ సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టెర్షియస్‌ల సొమ్మును గుంజుకుంటున్నదని ప్లినీ ఫిర్యాదు చేశాడు. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక దెనారియస్‌తో సమానం కనుక అక్కెనపల్లి నిధి సుమారు 6,100 సెస్టెర్షియస్‌లు. ప్లినీ చెప్పిన మొత్తంలో ఇది చాలా చిన్న భాగం. ఈ చిన్న భాగం నల్లగొండ దాకా రావడానికి వెనుక దాదాపు 70 రోజుల సముద్రప్రయాణం, నెలల నిరీక్షణ, వారాల బండిదారి ఉన్నాయి. నాణెం మీద చక్రవర్తి ముఖం ఉంది. దాన్ని మోసుకొచ్చిన నావికుని ముఖం లేదు. ప్రాంతీయ చరిత్ర రచనలో, మ్యూజియం వివరణలలో, పాఠ్యపుస్తకాలలో ఈ నిధులను ప్రస్తావించేటప్పుడు ఆ నావికునికి, అతని కోసం రేవులో ఎదురుచూసిన జాలరికి, వాన వెలిశాక బండి కట్టిన మెట్టసీమ మనిషికి కూడా చోటు కల్పించడం అవసరం.